కాలవలో నీళ్లొచ్చేక

"ప్రార్థనలో పెడదాం" అన్న మాట వింటే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉంటుంది. ప్రార్థన అంటే కాదు. ప్రార్థన చేసుకునే ఇన్నాళ్లూ బతికాను. చేయాల్సిన పని ఎదురుగా కూర్చుని చూస్తుంటే, దాని మీద ప్రార్థన అనే దుప్పటి కప్పేసి ఇంటికి పోయేవాళ్లను చూస్తే అసహ్యం. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. "అసహ్యం అనొద్దు పెద్దమ్మా, బాధ అని రాస్తాను" అంటోంది. బాధ కాదు. అసహ్యమే, అలాగే రాయవే.

మా ఆయన కొబ్బరికాయలు వలిచేవాడు. రాజోలు చుట్టుపక్కల ఏ తోటలో కాయ దింపితే ఆ తోటకి తెల్లారకుండా పోయేవాడు. లారీ వచ్చేసరికి వలిచిన కాయ గుట్ట పెట్టి ఉండేది. ఆ పనిలో రేపు అన్న మాట ఆయన నోట నేను వినలేదు. దేవుడి పని దగ్గరకి వచ్చేసరికి మాత్రం రేపు తప్ప ఇంకో మాట వినలేదు.

మాది కాలవలో ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. మునిగినవాళ్లకే బల్ల, అంటే ప్రభువు భోజనం. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం వరసల్లో అందించే వేళకి, మునగనివాళ్లు లేచి వరండాలోకి పోవాలి. మా ఆయన పెళ్లయిన దగ్గర్నుంచీ అలా లేచి పోయినవాడే. గుమ్మం ముందు చెప్పుల గుట్ట పక్కన నిలబడి చుట్ట కాల్చుకునేవాడు. నేను లోపల రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే ఆ కంపు కిటికీలోంచి వచ్చి దానికి అంటుకునేది. ఇంట్లో ఒక కంచంలో తిన్నవాళ్లం. దేవుడి ఇంట్లో నేను లోపల, ఆయన చెప్పుల దగ్గర. ఒక్కసారి పక్కన కూర్చుని ఆ ముక్క ఇద్దరం తినాలని నా కోరిక. అంతకు మించి ఆయన్ని నేను ఏమీ అడగలేదు.

అడిగితే వానాకాలంలో, "ఎర్రనీళ్లే, బురద మింగమంటావా?" అనేవాడు. చలికాలంలో, "ఇప్పుడు మునిగితే దగ్గొచ్చి పోతాను" అనేవాడు. చలి తగ్గితే చుట్ట మానాలి, మానేక ముణుగుతాను అనేవాడు. ఆ చుట్ట మానేలోపు ఎండలు వచ్చేవి, కాలవలు కట్టేసేవారు. మాకు ఏటా ఎండాకాలంలో మరమ్మతులకని పైనుంచి నీళ్లు ఆపేస్తారు. అప్పుడు చూడాలి ఆయన మొహం, బడికి సెలవిచ్చినట్టు వెలిగిపోయేది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే? కాలవలో నీళ్లొచ్చేక చూద్దాం."

నీళ్లు లేని కాలవ ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కుళ్లిన గుర్రపుడెక్క, కోడి ఈకలు కుక్కిన సంచులు, వాటిని చింపుకునే పందులు. ఆ గట్టు మీద ముక్కు మూసుకుని నడుస్తూ, మా ఆయన చెప్పే రేపు కూడా ఇలాగే కంపు కొడుతోంది అనుకునేదాన్ని.

అలా ముసలివాళ్లమయ్యాం. మొన్న ఎండాకాలానికి ముందుటి ఎండాకాలంలో ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. పెద్దాసుపత్రివాళ్లు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పడుకుంటే ఊపిరందక గోడకి చేరబడి కూర్చునేవాడు. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒసే, అయ్యగారిని పిలు. ముణిగిపోతాను."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "కాలవ కట్టేసేరయ్యా. చూసుకున్నావా?"

"తెలుసే. అందుకే నవ్వొస్తంది" అని నవ్వబోయి, దగ్గి దగ్గి వంగిపోయాడు.

అయ్యగారంటే మా పాస్టరు గారు. కబురు పెడితే సంఘ పెద్ద ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. టీ ఇచ్చాను.

"చాలా సంతోషం అమ్మా" అన్నారు అయ్యగారు. "నీళ్లొదలగానే అందరితోపాటు తెల్లబట్టలు కట్టించి ఘనంగా చేద్దారి. అందాకా ప్రార్థనలో పెడదాం."

"అందాకా ఈయన ఉంటాడాండీ?"

సంఘ పెద్ద టీ ఊదుకుంటూ, "దేనికైనా దేవుని సమయం అని ఒకటుంటాదమ్మా" అన్నాడు.

"గోదారి ఎండిపోలేదు కదండీ. ఆటో మాటాడతాను, నడండి."

"ఆయ్, నిజమేననుకో. పోటు మీద ఉంటాది, జబ్బు మనిషిని పట్టుకుని ఎవరు దిగుతారు?" అన్నాడు సంఘ పెద్దే. " సంఘం అంతా ఉండాలి. ఆయన్ని విశ్వాసం గురించి ప్రశ్నలడగాలి."

ఇద్దరూ కప్పులు కింద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. నేను మూసుకోలేదు. మా ఆయనా మూసుకోలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఇన్నేళ్లూ ఆయన నన్ను ఎలా తిప్పాడో, ఇప్పుడు వీళ్లు ఆయన్ని అలా తిప్పుతున్నారు. వంకలు అవే. ఆయన వంకలకి చుట్ట కంపు ఉండేది, వీళ్లు వాటికి దేవుడి పేరుతో సెంటు పూశారు.

వాళ్లు గుమ్మం దాటగానే నేను చెంగు దోపుకుని మా ఇంటి వెనక రొయ్యల చెరువుల ఆసామి దగ్గరికి పోయాను. అతను హిందువు, మా తమ్ముడి వయసువాడు. సంగతి చెప్పి, నీళ్లు కావాలన్నాను.

"మీ దేవుడికి ఉప్పు నీళ్లు పడతాయాండీ అక్కా?" అని నవ్వాడు.

"మా దేవుడికి పడతాయి. మా అయ్యగారికే పడవు."

"చివరి చెరువు నింపి ఉంచేను, ఇంకా రొయ్య పిల్ల వదల్లేదు. రేపు పొద్దెక్కితే బ్లీచింగు కొట్టేస్తానండి. కొట్టేక వేలు కూడా పెట్టకూడదు. ముంచుకుంటే పొద్దున్నే ముంచుకోండి. నేను ఆగలేను, నా పిల్ల దిగే రోజు ఖాయమైపోయింది."

ఆ మాట నాకు హాయిగా ఉంది. ఆగలేను అనే మనిషి ఒకడు దొరికాడు. వెంటనే అయ్యగారికి ఫోను చేశాను.

"నీళ్లు దొరికేయండి. పొద్దున్నే రండి. రాకపోతే నేనే ముంచేస్తాను."

"అమ్మా, ఆడవాళ్లు అలా చెయ్యకూడదమ్మా!"

"అందుకే మిమ్మల్ని రమ్మంటన్నాను."

వచ్చారు. సంఘ పెద్ద రాలేదు. ఆసామి మనుషులు మా ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీతో ఎత్తి గట్టు మీదికి తెచ్చారు. అడుగున నల్లబురద, అడుగేస్తే కుళ్లిన గుడ్ల వాసన. అయ్యగారు ప్యాంటు మడుచుకుని, ముక్కు చిట్లించుకుని దిగారు. ఆసామి మనుషులు మా ఆయన్ని కుర్చీతోనే నీళ్లలోకి దింపారు. అడగాల్సినవి అక్కడే అడిగారు. మా ఆయన ఊపిరి తీసుకుంటూ అన్నిటికీ "ఆయ్" అన్నాడు. ముంచి లేపితే ఉక్కిరిబిక్కిరై, "ఉప్పగా ఉన్నాయండీ" అన్నాడు.

గట్టు మీద తువ్వాలు కప్పి కూర్చోబెట్టాక నేను రొట్టె అడిగాను.

"బల్ల మొదటి ఆదివారం కదమ్మా. అప్పుడు ఇంటికే తెస్తాను" అన్నారు అయ్యగారు.

నేను నోరు తెరిచేలోపు మా ఆయనే అన్నాడు. "రేపంటే నాకు నమ్మకం లేదండీ అయ్యగారూ. నేను చెప్పిన రేపులన్నీ అబద్ధాలేనండి."

అయ్యగారు బురద కాళ్లతోనే బండెక్కి గుడికి పోయి, రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని వచ్చారు. ఆ కాళ్లు చూశాక ఆయన మీద నా కోపం కొంత దిగింది. అంతా దిగలేదు.

ఆ గట్టు మీద, ఆ కంపులో, ఇద్దరం తిన్నాం. మా ఆయన తాగబోతే ద్రాక్షరసం బనీను మీద ఒలికింది. ముక్క నమిలి మింగి, నా వైపు తిరిగి, "ఇంతేనే? దీనికా ఇన్నేళ్లు తిప్పేను?" అన్నాడు. ఆయన మొహంలో ఆయన మీద ఆయనకే రోత. నేను కాదనలేదు. మూతి తుడిచాను.

కాలవకి నీళ్లు వదలకముందే పోయాడు. సమాధి దగ్గర సంఘ పెద్ద నిలబడి, దేవుడు తన సమయంలో అన్నీ ఎలా సమకూర్చాడో చూడండని గొంతు పెంచి చెప్పాడు. అంతమందిలో, "దేవుని సమయం కాదండీ, బ్లీచింగు టైము" అన్నాను. ఎవరో నా మోచెయ్యి గిల్లారు.

ఇప్పటికీ మొదటి ఆదివారం వరండాలో మగాళ్లు నిలబడే ఉంటారు. మొన్న ఒకణ్ణి, "ఏరా, ఎప్పుడు?" అన్నాను. "నీళ్లొచ్చేక పిన్నీ. ప్రార్థనలో పెట్టేను" అన్నాడు. నోట్లో చుట్ట.

నేను నా చెప్పులు ఆ గుట్టలో విడవను. మా ఆయన నిలబడి నిలబడి బతుకంతా పోగొట్టుకున్న చోటు అది, నాకు రోత. సంచిలో పెట్టుకుని లోపలికి పట్టుకుపోతాను. బల్ల దగ్గరికి చెప్పులేంటమ్మా, బయటెప్పుడు విడుస్తావు అని సంఘ పెద్ద ఒకసారి అడిగాడు.

"ప్రార్థనలో పెట్టేనండి" అన్నాను.