షెడ్డు వాకిట్లో మేకులు

మా వదిన పోయిందన్న మాట నాకు హిందూపురం బజారులో తెలిసింది. బేరింగు కొని కొట్టు మెట్లు దిగుతున్నాను. మా సోమందేపల్లెకు పోయే బస్సు ఎదురుగా ఆగి ఉంది. కండక్టరు నన్ను చూసి తల బయటపెట్టి, "ఏమప్పా, మీ వదిన పొద్దున పోయిందంట. బిరీన ఎక్కు" అన్నాడు. ఎక్కాను. దారి పొడుగునా ఆ బేరింగును చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. అది తెమ్మని పంపింది ఆమే. కొన్నాళ్లుగా జ్వరంతో మంచం మీద ఉంది. మంచం మీద నుంచే షెడ్డులో ఇంజను చప్పుడు విని, "ఆ శబ్దం బాగలేదప్పా. అది ఇరిగిపోకముందే మార్చు" అంది.

ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. వానలు వరసగా ఎగ్గొట్టిన ఈ ఏళ్లలో మా వైపు మనుషులకు ఏం జరిగినా ముందు అలసటే వస్తుంది, తక్కినవన్నీ తర్వాత. ఆమె గురించి నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నా అదే అలసట. అయినా రాయాలి. రెండు చేతులూ మిగిలి ఇది రాస్తున్నానంటే అది ఆమె పుణ్యమే.

మా షెడ్డు రోడ్డు పక్కనే. బావుల దగ్గర నీళ్లు తోడే ఆయిలింజన్లు బాగుచేస్తాం, బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కిస్తాం. మా అన్న పెట్టిన షెడ్డు అది. లోపల ఇనుము చెక్కే లేత్ మిషను ఒకటి, దాన్ని తిప్పడానికి ఒక ఇంజను, రెంటికీ మధ్య నడుమెత్తున తిరిగే తోలు బెల్టు. ఒకరోజు అన్న నట్టు కోసం వంగినప్పుడు భుజం మీది తువ్వాలు జారి దాని కొస బెల్టుకు చిక్కింది. పోతే పోనీ అని వదిలేసి ఉంటే గుడ్డతో పోయేది. కానీ మా సీమలో మగవాడికి తువ్వాలు జారితే చెయ్యి దానంతటదే దాని వెంట పోతుంది. అన్న చెయ్యి అలాగే పోయింది. ప్రాణం దక్కింది గానీ కుడి మోచేతి కింద ఏమీ మిగల్లేదు.

అంతవరకూ వదిన షెడ్డులోకి సంకటి గిన్నెతో వచ్చి ఖాళీ గిన్నెతో పోయే మనిషి. మడకశిర వైపు నుంచి వచ్చింది, పుట్టింట్లో గొర్రెల మంద ఉండేది. అన్నను ఆసుపత్రి నుంచి తెచ్చాక, "షెడ్డు అమ్మేద్దాం వదినా" అన్నాను.

"అమ్మి ఏం తిందాం, మన్ను తిందామా? దుడ్లు నిలుస్తాయా మన ఇంట్లో?" అంది. "షెడ్డు చెయ్యి తీసుకోలేదప్పా. షెడ్డులో పద్ధతి లేకపాయ. మీ అన్నది పోయింది. ఈ ఇంట్లో ఇంగొక చెయ్యి పోగూడదు."

ఆ తర్వాత ఆమె బతుకంతా ఆ ఒక్క మాటే.

ముందు ఒక రాయి మీద కూర్చుని పొద్దుగూకేదాకా మమ్మల్ని ఊరికే చూసింది. చూసి, "మీరు పనిచేసేదానికన్నా నడిచేదే ఎక్కువుండాది. గొర్రెలు నయం, మేతకన్నా నడుస్తాయి" అంది. మర్నాడు ఇనుప ముక్కల్ని బిగించి పట్టే వైసును వెలుతురు పడే కిటికీ దగ్గరికి జరిపించింది. దాని పక్కనే ఆకురాళ్లు, దానికి ఎదురుగా లేత్. దారికి అడ్డంగా పడి ఉన్న పాత ఇనుమంతా పెరట్లోకి పోయింది. గోడకు పానాలు, సుత్తులు, పటకార్లు తగిలించి ఒక్కొక్కదాని చుట్టూ సున్నంతో గీత గీసింది. సాయంత్రం గోడ ముందు నిలబడి ఒక్క చూపు చూసేది. ఖాళీ గీత కనిపిస్తే చాలు, ఎవరూ ఇంటికి కదలడానికి లేదు. "మందలో ఒకటి రాకుంటే దొడ్డి తడిక మూస్తామా?" అనేది. విసుగు పుట్టేది నాకు. ఒళ్లంతా నూనె, కడుపులో ఆకలి, ఆమెకేమో చిన్న పానా కావాలి.

నిప్పు అంటుకుంటే పోయడానికని నేను బకెట్టుతో నీళ్లు పెట్టాను. మధ్యాహ్నానికి ఖాళీ. దాహానికి ఎవరో తాగారు, మిగిలింది కోళ్లకు పోశారు. వదిన నవ్వి, ఆ బకెట్టులో ఇసుక నింపింది. "ఏట్లో నీళ్లకే గదప్పా కరువు, ఇసకకు లేదు గదా. దీన్నెవరూ తాగర్లే." కిరసనాయిలు మంటకు నీళ్లకన్నా ఇసుకే మేలని నాకు తర్వాత తెలిసింది.

పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి, అదే చేత్తో లోపలికి వచ్చి ఇంజను, బెల్టు చుట్టూ ముగ్గుపిండితో గీత గీసేది. ఇంజను నడుస్తుండగా నేను తప్ప ఎవరూ ఆ గీత దాటకూడదు. వాకిలి పక్కన వరసగా మేకులు కొట్టించింది. షెడ్డులో అడుగు పెట్టే ప్రతి మనిషీ తువ్వాలు అక్కడ తగిలించి, పంచె ఎగగట్టి లోపలికి రావాలి.

గీతలకు నవ్వాం, సర్దుకున్నాం. మేకుల దగ్గరే చిక్కొచ్చింది. మా కొలిమి దగ్గర తిత్తి ఊదే తాత ఒకాయన ఉన్నాడు. ఆదివారం ప్రార్థనకు పోతే తప్ప పని మానడు. ఎప్పుడూ ఎదురు చెప్పని ఆ తాత వాకిట్లోనే నిలబడిపోయాడు.

"పెద్దోళ్ల ముందర తువ్వాలు తీసి చంకలో పెట్టుకోనే ముసిలోన్నయితినమ్మా. ఈడైనా బుజం మీద ఉంటాదనుకుంటి. ఈడా తీయల్లనా?"

వదిన గొంతు తగ్గింది. "నువ్వొక్కడివే కాదు తాతా. ఈడికి ఎవరొచ్చినా ఈ మేకుకే. ఎంత పెద్దోడొచ్చినా ఈ మేకుకే. ఇది నా మాట."

తాత ఆ మాట నమ్మి తువ్వాలు తగిలించాడు. అది మొదటి మేకు.

మరో కరువు ఏడాది, ఎండాకాలంలో, మా ఊరి పెద్దరైతు ఇంజను బండి మీద వేయించుకుని వచ్చాడు. ఆయన చీనీతోటలో బత్తాయి చెట్లు ఎండిపోతున్నాయి. ఎలక్షన్లొస్తే ఊరు సగం ఆయన చెప్పినవైపు తిరుగుతుంది. తిన్నగా లోపలికి రాబోయాడు.

"లేత్ తిరుగుతాండాదన్నా. తువ్వాలు మేకుకు పెట్టి రాండి" అంది వదిన.

ఆయన నవ్వాడు. "ఏమ్మా, నా బుజం మీది గుడ్డ తీయమంటాండావా? మా నాయన ఎవరి ముందరా తీసిన మనిషి కాదు."

"నా ముందర తీయమన్లేదన్నా, బెల్టు ముందర. దానికి మీరెవరో తెలీదు."

తిత్తి ఆగిపోయింది. తాత నేల చూస్తున్నాడు. మా అన్న వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో నట్లు ఏరుతున్నవాడు, "ఒక్కసారికి పోనీలేవే" అన్నాడు మెల్లగా. వదిన అన్న వైపు చూడలేదు. నన్ను ఇంజను ఆపమంది. ఆపాను.

"ఇప్పుడు రాండన్నా, మీ ఇష్టం. మీరు లోపలున్నంతసేపు ఇది తిరగదు. ఇది తిరగకుంటే మీ పని కాదు."

ఆయన వెనక్కి తిరిగాడు. బండి హిందూపురం దారి పట్టింది. ఆయన వెనకే ఊళ్లో తక్కిన పెద్దరైతులూ మా షెడ్డుకు రావడం మానేశారు. ఇంట్లో సంకటి పలచబడి అంబలయింది. "ఒక మాట తగ్గింటే ఏం పోయేది వదినా?" అని అడిగాను, నిజంగా ఓపిక లేక.

"తాతకిచ్చిన మాట పోయేది. ఆయన తువ్వాలు చిన్నదయ్యేది, ఈయన తువ్వాలు పెద్దదయ్యేది. రేప్పొద్దున తాత నేను తీయనంటే ఏం చెప్పల్ల? ఆయన తీయకుంటే నువ్వూ తీయవు. ఆమీద యా చెయ్యి పోతాదో ఎవరికి తెలుసు?"

హిందూపురంలో బాగైన ఇంజను మళ్లీ మొరాయించింది. చీనీ ఆకులు ముడుచుకుపోతుంటే బండి మళ్లీ మా వాకిట్లోకే వచ్చింది. పెద్దరైతు లోపలికి రాలేదు. తువ్వాలు తీయనూ లేదు. వాకిలికి ఎదురుగా ఎండలో నిలబడ్డాడు. వదిన దెప్పలేదు, ఇంజను లోపలికి దింపించి నన్ను పనిలో పెట్టింది. "ఎండలో నిలబడుండాడు పాపం, పెద్ద మనిషి" అన్నాను. "ఎండ చెయ్యి తీసుకోదులే" అని, ఇంత మజ్జిగ కలిపి ఆయనకు పంపింది. ఆయన తాగాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతే. ఆయన ఎండలో, మేము నీడలో, మధ్యలో మజ్జిగ చెంబు. ఎవరూ ఓడిపోలేదు. ఎవరి చెయ్యీ పోలేదు.

ఆరోజు బేరింగుతో నేను బస్సు దిగేసరికి వదినను షెడ్డులో పడుకోబెట్టి ఉన్నారు. ఇల్లు ఇరుకు, ఊళ్లో అంతమందికి నీడున్న చోటు ఇదొక్కటే. ఇంజను ఆపేశారు. పొద్దున ముగ్గుపిండి గీత గీసే చెయ్యి లేదు, నేల మీద గీత లేదు. అయినా వచ్చినవాళ్లంతా వాకిట్లో తువ్వాళ్లు తగిలించే లోపలికి వచ్చారు. మేకులన్నీ నిండిపోయాయి. అన్న ఆమె తలవైపు కూర్చుని ఎడమచేత్తో ఈగలు తోలుతున్నాడు. అది చూసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏం చేయాలో తోచక లేచి, బేరింగును తీసుకెళ్లి లేత్ పక్కన పెట్టి వచ్చాను.

పెద్దరైతు వచ్చాడు. అలవాటు చొప్పున ఎండలో తన చోట నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ను పిలవలేదు. చాలాసేపటికి భుజం మీది తువ్వాలు తీశాడు. ఖాళీ మేకు కోసం వెతికాడు, లేదు. మొదటి మేకుకు, తాత తువ్వాలు మీదే తనది తగిలించాడు. పంచె ఎగగట్టి, వంగి లోపలికి వచ్చి, నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కింద వెతుకుతూ నన్ను అడిగాడు.

"గీత యాడుండేదప్పా?"

కాలి బొటనవేలితో చూపించాను. ఆయన దానికి ఇవతలే, తాత పక్కన చతికిలబడ్డాడు. బెల్టు ఆగి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వాకిట్లో ఒకే మేకుకు రెండు తువ్వాళ్లు వడగాలికి కదులుతున్నాయి.