మూడు వారాల ముందు పిలుపు

చింతపల్లి ముసలాయనకు పండగ పిలుపు ఆలస్యంగా అందింది నా వల్లేనని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఆయనే రానన్నాడని చెప్పాను. అది అబద్ధం.

అప్పుడు హుకుంపేట దగ్గర ఒక కలప కాంట్రాక్టరు కింద మేస్త్రీగా ఉండేవాణ్ణి. ఆయనా భార్యా కలకత్తా నుంచి వచ్చిన యూదులు. ఈ కొండల్లో వాళ్ల మతంవాడు ఇంకొక్కడే, చింతపల్లిలో మిరియాల తోట చూసుకునే ముసలాయన. అమ్మగారు ఆయన్ని తండ్రిలా చూసేది. భాద్రపదంలో వాళ్ల కొత్త సంవత్సరం. ఆ యేడు మూడు వారాల ముందే నన్ను పిలిచింది.

"పండగ భోజనానికి రమ్మని చెప్పు. ముందురోజు పొద్దుగూకక ముందే ఆయన ఇక్కడుండాలి. ఆ తర్వాత రెండు రోజులు మేం గుర్రం ఎక్కకూడదు. దారిలో వానలు. అందుకే ఇప్పుడే వెళ్లు."

దారిలో సంత దగ్గర నా బావమరిది ఇది విని నవ్వాడు. "మూడు వారాలుందా? ఇప్పుడే పిలుపేటి బావా! మనోళ్లు పొయ్యి మీద కుండెట్టినాక పిలుత్తారు. నువ్విప్పుడు సెప్పినా ఆ ముసిలోడు మర్సిపోతాడు. కూకో, కోడిపందెం సూసి పోదువు."

మాలో అంత ముందు పిలిస్తే అది పిలుపే కాదు. అదే సాకుగా వాడింట్లో ఇప్పసారా తాగుతూ, కక్కుతూ, మళ్లీ తాగుతూ పడి ఉన్నాను. చింతపల్లి చేరేసరికి పండగ ముందురోజుకు రెండు రోజులే ఉన్నాయి. దారేమో మూడు రోజులు.

"ఎప్పుడు చెప్పి పంపింది?" అన్నాడు ముసలాయన.

"ఇప్పుడే, మూడ్రోజులయింది బాబూ. బేగి బయల్దేరితే పండగనాడు మజ్జాన్నం భోజనానికి అందుకుంటారు."

"పండగనాడు నేను గుర్రం ఎక్కనని ఆ పిల్లకి తెలీదా? రాలేనని తెలిసే పిలిచిందన్నమాట." లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

నేను తిరిగొచ్చేసరికి పండగ మధ్యాహ్నం. బల్ల మీద ఆయన కంచం పెట్టే ఉంది. "రానన్నారమ్మా" అన్నాను. ఆమె ఆ కంచం నా ముందుకు జరిపింది. చేప, దానిమ్మ గింజలు, తేనె. అన్నీ తిన్నాను. వేళ్లు కూడా నాక్కున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నోరంటే నాకే రోత.

మళ్లీ ఆమె ఆయన్ని పిలవలేదు, ఆయనా రాలేదు. రెండేళ్లకు వాళ్లు ఆయన్ని చూడకుండానే కలకత్తా వెళ్లిపోయారు. అప్పుడు చింతపల్లి వెళ్లాను, ముసలాయన దగ్గరికి.

"మళ్లీ పండగ పిలుపా? ఎప్పటికి రమ్మంది, నిన్నటికా?" అన్నాడు.

"కాదు బాబూ. ఆ యేడు అమ్మగారు మూడు వారాల ముందే పిలిచారు. నేనే సంత కాడ తాగి పడున్నాను. మీకూ అబద్ధం సెప్పేను, ఆవిడికీ సెప్పేను. తప్పు నాది. నన్ను చమించండి బాబూ."