చిత్రిక పట్టిన పుట్టగొడుగు

మా అత్తగారు వడ్రంగి. మావగారు వడ్రంగి అయ్యుంటారు, ఈవిడ పక్కన సాయం చేసి ఉంటుంది అని సర్దుకోబోయేవాళ్ళకి ముందే చెబుతున్నాను. మావగారు బస్సు కండక్టరు. ఆయన జన్మలో ఒక్క మేకు తిన్నగా కొట్టిన పాపాన పోలేదు. ఉలి, రంపం, చిత్రిక అన్నీ ఆవిడవే. ఇంటి ముందుగది ఆవిడ దుకాణం. గరిటెలు, కూరలు తరిగే చెక్కలు, చిన్న పీటలు, ఎవరైనా అడిగితే కుర్చీలు చేస్తుంది. గుమ్మం దగ్గర కూర్చుని వాటిని అమ్మడం నా పని. బేరాలాడే వాళ్ళతో పోట్లాడటం కూడా నా పనే. అది నేను ఎవరూ అడక్కుండానే చేస్తాను.

అత్తగారిని మెచ్చుకునే కోడలు ఎక్కడా ఉండదని పక్కింటావిడ అంటుంది. ఆవిడకి మా అత్తగారు తెలియదు. నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

అలాగని ఆవిడలో లోపం లేదని కాదు. చచ్చేంత పొగరు. "నాది తప్పు" అన్న మాట నేను కాపురానికి వచ్చాక ఆవిడ నోట వినలేదు. ఒకసారి ఒక కుర్చీకి ఒక కాలు పొట్టిగా కోసింది. ఒప్పుకుంటే పోయేదానికి, మిగతా మూడు కాళ్ళూ కోసేసి, నేలకి దగ్గరగా కూర్చుంటే నడుముకి మంచిదని కొన్నాయనకి నచ్చజెప్పింది. ఆయన వారం తిరక్కుండా వచ్చి అలాంటిదే ఇంకో కుర్చీ కావాలన్నాడు. ఇక ఆవిణ్ణి పట్టడం మా తరం కాలేదు.

ఆ మధ్య ఆవిడకి పెద్ద జ్వరం వచ్చింది. తగ్గింది గానీ చేతుల్లో సత్తువ పోయింది. రంపం నాలుగుసార్లు లాగితే కూలబడేది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, జబ్బేమీ లేదు, వేళకి తినండి, నిద్రపోండి, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక మా అత్తగారి దుకాణంలో దొరకని సరుకు. అంతలో ఎవరో ఫోనులో వీడియో పంపారు. రీషీ అని ఒక ఎర్రటి పుట్టగొడుగు ఉందట, దాని పొడిని గొట్టం మాత్రల్లో నింపి అమ్ముతారట, ఒంటికి బలమట, నిద్రకి మంచిదట. సీసా మీద బంగారు రంగు అక్షరాలు. ఆవిడ ధర చూసి ఫోను బోర్లా పెట్టేసింది. పుట్టగొడుగైతే కొంటాను గానీ సీసానీ, బంగారు అక్షరాలనీ నేనెందుకు కొనాలి అంది.

మర్నాడే నన్ను వెంటేసుకుని మూలికలు టోకున అమ్మే కొట్టుకి వెళ్ళింది. అక్కడ ఎండు రీషీ గోనెసంచుల్లో ఉంది. చెక్కుచెదరని వాటికి ఒక ధర, సంచి అడుగున విరిగిన ముక్కలకి అందులో సగం కూడా లేదు. పుట్టగొడుగు విరిగితే దాని గుణం కూడా విరుగుతుందా అని కొట్టువాణ్ణి అడిగింది. వాడు తెల్లమొహం వేశాడు. మేం ముక్కలు కొనుక్కొచ్చాం. అయితే గుడ్డిగా గొంతులో పోసుకోలేదు. ముందు డాక్టర్ని అడిగింది. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు దీని జోలికి పోవద్దని, ఇది రోగాలు కుదురుస్తుందని గట్టిగా తేలలేదని, వేసుకుంటున్న మందులేవీ దీన్ని నమ్ముకుని మానొద్దని ఆయన చెప్పాడు. ఆ మాటలు ఆవిడ ఎవరు వచ్చినా పాఠంలా అప్పగించేది.

ఇక పొడి కొట్టాలి. రీషీ గట్టిదనం మాకు తెలియదు. మిక్సీలో వేస్తే అది ఒక్క అరుపు అరిచి ప్రాణం విడిచింది. మిక్సీ నాది. దాని సంగతి ఇప్పుడు మాట్లాడదలుచుకోలేదు. అత్తగారు ఒక ముక్క తీసి వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఇది కూరగాయ కాదు, చెక్క అని తేల్చేసింది. ముక్కని పనిబల్లకి బిగించి చిత్రిక పట్టింది. ఉల్లిపొరలంత పల్చగా, గోధుమరంగు పొట్టు రాలింది. మళ్ళీ వేరే చెక్క తగలకుండా దానికోసం ఓ బుల్లి చిత్రిక ప్రత్యేకంగా చేసుకుంది. పొట్టుని సన్నసెగ మీద చాలాసేపు మరిగించి వడగట్టేది. అదే పొట్టు మర్నాడు ఇంకోసారి మరిగేది. దానితోబాటు మామూలు తెల్ల పుట్టగొడుగులు చవగ్గా దొరికిన రోజున తెచ్చి, కిందివైపు మడతలు పైకి వచ్చేలా మేడమీద ఎండలో ఆరబెట్టి కూరల్లో వేసేది.

రీషీ కషాయం చేదు మామూలు చేదు కాదు. ఒక గుక్క తాగితే మా ఆయన మీద కోపం కూడా మర్చిపోయేదాన్ని. అయినా ఆవిడ రోజూ తాగింది. నెమ్మదిగా చేతుల్లోకి బలం వచ్చింది. పుట్టగొడుగు వల్లో, వేళకి తినడం వల్లో, రోజులు గడవడం వల్లో నేను చెప్పలేను. వీధి మాత్రం క్షణంలో తేల్చేసుకుంది. పొద్దున్నే ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని మా గుమ్మం ముందు చేరడం మొదలుపెట్టారు. అందరూ తలా కాస్త డబ్బు వేసుకుని ముక్కలు తెప్పించేవాళ్ళు, చిత్రిక, పొయ్యి ఆవిడవి. ఎదురుగా సెలూన్ నడిపే ఆయన ఆవిడకి పుట్టగొడుగుల డాక్టరమ్మ అని పేరు పెట్టాడు. ఆవిడ కోపం నటించేది. ఆ నటన ఎవరూ నమ్మలేదు.

అందరికంటే ముందు వచ్చేది చిన్నత్తయ్య, అంటే మా అత్తగారి చెల్లెలు. సినిమాహాల్లో టికెట్ల కిటికీ వెనక పనిచేస్తుంది. మనిషి మంచిది. చాలా ఏళ్ళుగా బీపీకి మాత్రలు వేసుకుంటోంది. చిన్నప్పటి నుంచీ అక్క మాటంటే ఆమెకి వేదం. పగలు చూపించి అక్క రాత్రి అంటే దీపం వెలిగించే రకం.

ఒక విడత పొట్టు అయిపోయి కొత్త విడత మొదలైన రోజున వింత జరిగింది. చేదు తగ్గింది. చేదు లేదనే చెప్పాలి. అందరూ లొట్టలేశారు. సెలూన్ ఆయన ఈసారి మందు భలే కుదిరిందని, మోకాలి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని వీధంతా చాటాడు. చిన్నత్తయ్య తలభారం దిగిపోయింది అంది. సెగ తగ్గించి ఎక్కువసేపు మరిగించడం వల్ల చేదు విరిగి ఉంటుందని అత్తగారు వివరం చెప్పింది. చెబుతూ కొంచెం పొడుగయింది కూడా.

తర్వాత కొన్నాళ్ళకి మందులషాపు అమ్మాయి నన్ను ఆపి, మీ చిన్నత్తయ్య బీపీ మాత్రల కోసం రావడంలేదేం అని అడిగింది. నేను తిన్నగా సినిమాహాలుకి వెళ్ళి, వెనక జనం గోలపెడుతున్నా టికెట్ల కిటికీలో తల పెట్టి నిలదీశాను. అక్క మందు ఉండగా ఇంకా మాత్రలెందుకని చిన్నత్తయ్య నవ్వేసింది. ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారు రంపం అక్కడే పడేసి పరుగున వెళ్ళింది. తిట్టింది, బతిమాలింది, డాక్టరు మాటలు మళ్ళీ అప్పగించింది. చిన్నత్తయ్య ఒక్కటే అంది:

"నీ చేతి మందు తాగుతూ పక్కన ఆ మాత్రలు కూడా మింగితే, నిన్ను నమ్మనట్టే కదక్కా."

ఆ వారంలోనే చిన్నత్తయ్యకి టికెట్ల కిటికీ దగ్గర కళ్ళు తిరిగాయి. చేతిలో చిల్లర చేతిలో ఉండగానే గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది. హాలువాళ్ళు ఆటోలో తీసుకొచ్చారు. డాక్టరు బీపీ చూసి హడలిపోయాడు, మాత్రలు ఆపితే ఈసారి కళ్ళు తిరగడంతో పోదని కేకలేశాడు. ఆమె అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చాక మాత్రలు దిండు కింద పెట్టి, మోతాదు చాలలేదు, ఇంకో గ్లాసు పొయ్యమని అక్కని అడిగింది. మా అత్తగారు ఆమెకి అసలు పొయ్యడమే మానేసింది. చిన్నత్తయ్య సెలూన్ ఆయన గ్లాసులోంచి సగం తాగి వెళ్ళడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారు మాత్రం నిద్ర పోవడం మానేసింది. తన పేరే చెల్లెలి పాలిట గండమైందని ఆవిడకి అర్థమైంది, ఆ పేరుని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

ఇక్కడ మా దుకాణంలో ఒక పద్ధతి చెప్పాలి. గరిటెకి నునుపు రావాలంటే చివర్లో దాన్ని చెక్కిన పొట్టుతోనే గట్టిగా రుద్దుతారు. అలా రుద్దితే నూనె రాయకుండానే మెరుపు వస్తుంది. అందుకని మంచి పొట్టు పారెయ్యకుండా పాత బిస్కెట్ డబ్బాలో దాస్తాం. ఆ మధ్యాహ్నం ఆవిడ గరిటె రుద్దడానికి కూర్చుంది. గుప్పెడు పొట్టు తీసి రుద్దింది. మెరుపు రాలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. పొట్టు చేతిలోనే నలిగి పొడైపోయింది. ఆవిడ చెయ్యి ఆగింది. వేలికంటిన పొడిని నాలుక మీద పెట్టుకుంది. మొహం చేదుగా ముడుచుకుపోయింది.

పుట్టగొడుగు పొట్టు దాచే డబ్బా కూడా అచ్చం ఇలాంటిదే, వంటింట్లోకి తీసుకెళ్ళేదాకా రెండూ ఒకే బల్ల కింద ఉంటాయి. పొట్టు రంగు కూడా ఒకటే. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, మరిగించే పొట్టు ఉన్న డబ్బా తీసి, అందులోది నమిలి చూసింది. చప్పగా ఉంది. వీధి వీధంతా లొట్టలేస్తూ తాగింది గరిటెల చెక్క పొట్టు.

మాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. మా ఆయన, గరిటెల చెక్కే కదా ఎవరికీ ఏం కాదు, డబ్బా మార్చేస్తే సరి, ఎవరికీ తెలియదు అన్నాడు. అన్నది సబబుగానే ఉంది. ఆవిడ సాయంత్రం దాకా బల్ల ముందు కూర్చుని ఒక పీటనే మళ్ళీ మళ్ళీ చిత్రిక పట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. చివరికి ఆ పీట చాలా పల్చగా తయారైంది, అమ్మడానికి పనికి రాలేదు.

పొద్దున్నే గ్లాసులు వచ్చాయి. చిన్నత్తయ్య సెలూన్ ఆయన పక్కన నిలబడింది. పొయ్యి మీద గిన్నె లేదు. అత్తగారు రెండు డబ్బాలూ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇన్నాళ్ళూ మీరు తాగింది పుట్టగొడుగు కాదు. గరిటెల చెక్క పొట్టు. ఒక డబ్బా బదులు ఇంకో డబ్బా తీశాను. తప్పు నాది."

ఆ రెండు మాటలు ఆవిడ నోట వింటానని నేను కల్లో కూడా అనుకోలేదు. సెలూన్ ఆయన తన గ్లాసు వంక చూశాడు, మోకాలి వంక చూశాడు, కాలు ఒకసారి ముడిచి చాపాడు. మరి నొప్పి నిజంగానే తగ్గిందే డాక్టరమ్మా అని గొణిగాడు.

"డాక్టరమ్మ అనకు. నేను వడ్రంగిని" అంది ఆవిడ.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, చెక్క కషాయమే బాగుందమ్మా, అదే పొయ్యి అన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. చెల్లెలి వైపు చూస్తోంది. చిన్నత్తయ్య మొహం ఎర్రగా కందిపోయింది. అంతా అబద్ధమని, తనచేత మాత్రలు మింగించడానికి అక్క అల్లిన కథని అంది. అత్తగారు రెండు డబ్బాలూ ముందు పెట్టింది. చిన్నత్తయ్య మొండిగా ఒకదాంట్లోంచి చిటికెడు తీసి నమిలింది, చప్పగా ఉంది. రెండోదాంట్లోది నమిలి ఉమ్మేసింది. తర్వాత ఏడుపు గొంతుతో అడిగింది:

"నా ఒక్కదానికే చెవిలో చెప్పలేకపోయావా? ఇంతమందిలో నీ పరువు నువ్వే తీసుకుంటావా అక్కా?"

"చెవిలో చెబితే నమ్ముతావా? పేరుదేముందే, నేను చేసుకున్నదే. పోతే ఇంకోటి చేసుకుంటాను. చెల్లెల్ని ఎలా చేసుకోను?"

ఆవిడ చెయ్యి చాపింది, అరచేతిలో బీపీ మాత్ర ఉంది. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నా కళ్ళు నిండిపోయాయి. చిన్నత్తయ్య అక్క మొహంలోకి ఒకసారి చూసి మాత్ర నోట్లో వేసుకుంది. ఆమె గొంతు కదిలేదాకా అత్తగారు రెప్ప వెయ్యలేదు. తర్వాత బల్ల ముందుకి వెళ్ళి, వెన్ను నిటారుగా పెట్టి, ఉలి అందుకుంది.

గ్లాసులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. అటుగా పోతున్న కొత్త మనిషెవరో ఆగి, గుమ్మంలో వేలాడుతున్న గరిటెల్ని తడిమి చూసి, ఇంత బాగా చేసింది ఎవరని నన్ను అడిగాడు. వెళ్ళేవాళ్ళందరికీ వినబడేలా, అవసరమైనదానికంటే చాలా గట్టిగా చెప్పాను.

"మా అత్తగారు."