తిరగేసిన రింగ్

1982 వేసవిలో ఒహాయోలోని ఒక చిన్న విమాన మ్యూజియం వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. అప్పుడు నాకు ఆరో నెల. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను గాని, ఆ పని ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే ముందు ఈ సంగతే చెబుతాను.

ఇన్‌స్పెక్టర్ పానా పట్టడు. మెకానిక్ అమర్చిన ప్రతి భాగాన్నీ మాన్యువల్‌తో పోల్చి చూసి జాబ్ కార్డు మీద సంతకం పెడతాడు. అది లేనిదే ఇంజిన్ తిరగదు. నాకు అప్పగించిన మొదటి ఇంజిన్ యుద్ధకాలపు ఫైటర్‌ది. చక్రంలా అమర్చిన తొమ్మిది సిలిండర్లు. నెలాఖరున సందర్శకుల ముందు నడపాలి. నూనె చిమ్మితే ఇక ఏ ఇంజినూ నడపనివ్వమని ట్రస్టీలు ముందే చెప్పారు.

మెకానిక్ ఎయినో ఫిన్లాండ్ నుంచి వచ్చిన పెద్దాయన. అడిగితే తప్ప మాట్లాడడు. ఆయన బిగించిన పిస్టన్లు చూద్దును కదా, తొమ్మిదింటిలోనూ, పిస్టన్ చుట్టూ ఉండి నూనెను ఆపే రింగుల్లో ఒకటి తలకిందులుగా ఉంది. పైకి ఉండాల్సిన గుర్తు కిందికి ఉంది. "మార్చండి," అన్నాను. ఆయన తొమ్మిదింటినీ విప్పి మార్చాడు. నేను సంతకం పెట్టాను.

ట్రయల్‌లో, నూనె చిమ్మితే కనబడాలని ఇంజిన్ వెనక కట్టిన తెల్ల దుప్పటి పది నిమిషాల్లో నూనెతో నల్లబడింది.

ఫోర్‌మన్ వాల్ట్ నన్ను చూశాడు. నేను ఎయినోను చూశాను. "మీరు ముందు అలా ఎందుకు పెట్టారు?" అని అప్పుడడిగాను.

"యుద్ధంలో మాకు ఈ ఇంజిన్ల ఫైటర్లు అమెరికా నుంచే వచ్చాయి. నూనె ఇలాగే చిమ్మేది. ఒక్కో పిస్టన్‌లో ఒక రింగ్ తిరగేశాం. ఆగింది."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"నువ్వు మార్చమన్నావు. అడగలేదు."

వాల్ట్ పగలబడి నవ్వాడు. "ఇక్కడ మావాళ్లు ఆ విమానాన్ని పనికిరాదని తీసిపారేశారు!"

"మేము ఆకాశపు ముత్యం అన్నాం," అన్నాడు ఎయినో.

మాన్యువల్‌కు భిన్నంగా చేస్తే కారణం రాసి ఇన్‌స్పెక్టర్ సంతకం చేసే చీటీ ఒకటుంది. చెడితే పేరు నాదే. ఆ సాయంత్రం హోటల్‌కు భోజనానికి వెళ్తుంటే కార్‌లో మా ఆయనతో, "ఏమండీ, ఉద్యోగం పోతే?" అన్నాను.

"పోతే హాయిగా పడుకుందువుగాని. ఎలాగూ నిద్రపోవట్లేదు. పెద్దాయన చెప్పింది నీకు కరెక్ట్ అనిపించిందా లేదా?"

"అనిపించింది."

"అయితే సైన్ చేసెయ్. అక్కడ మెనూ కార్డు మాత్రం నాకివ్వు, లేకపోతే దాన్నీ ఇన్‌స్పెక్ట్ చేస్తావ్."

మర్నాడు చీటీ మీద సంతకం పెట్టాను. తొమ్మిది సిలిండర్లూ మళ్లీ విప్పి, రింగులు తిరగేసి బిగించాం.

సందర్శకుల రోజున ఇంజిన్ ముందు నీలం పొగ కక్కుతూ దగ్గింది. నేను దుప్పటి వైపే చూస్తున్నాను. తర్వాత పొగ తేలిపోయి, శబ్దం సమంగా కుదురుకుంది. కొత్త దుప్పటి మీద నాలుగైదు చుక్కలు, అంతే. పిల్లలు చెవులు మూసుకుని గెంతారు. ట్రస్టీల్లో ఒకాయన మళ్లీ ఎప్పుడు నడుపుతారని అడిగాడు. నేను ఆ పొట్టతోనే ఎయినోను కౌగిలించుకోబోయి, మధ్యలో సిగ్గుపడి చెయ్యి చాపాను. ఆయన రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. అన్నాళ్లలో ఆయన పళ్లు చూడటం అదే మొదటిసారి.

తప్పు కనిపిస్తే ముందు ఎందుకలా చేశారో అడగాలి, ఆ తర్వాతే మార్చమనాలి. నేను వరుస తప్పాను. ఒక్క ప్రశ్నతో పోయేదానికి తొమ్మిది సిలిండర్లు విప్పించాను.