దవడన పెట్టుకున్న వక్కాకు

మొన్న కంటి డాక్టరు కోసం బల్లమీద కూర్చుని ఉంటే, పక్కన ఒకామె వక్కాకు పొట్లం విప్పింది. తడి తమలపాకు, సున్నం కలిసిన ఆ వాసనకు నాకు నోరూరలేదు, ఒళ్లు మండింది. రుక్మిణక్క గుర్తొచ్చింది.

తిరుపతి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నేను చేరేనాటికి ఆమె మాకు సూపర్‌వైజరు. ట్రంకు కాల్ నంబరు చెప్పేటప్పుడు ఒక్క అంకె నలిగినా వెనకనుంచి గొంతు లేచేది: "ఏమ్మే, నోట్లో సంగటి పెట్టుకోనుండావా? మళ్లీ చెప్పు." లెక్కలోనూ తేదీలోనూ ఈనాటికీ నాకున్న పట్టింపు ఆమె నేర్పిందే. అంత ఖచ్చితమైన మనిషి తన ఒంటి విషయంలో చేసిన పని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ విసుగు పుడుతుంది.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో ఆమె కింది దవడకు గడ్డ లేచింది. వేలూరులో ఆపరేషన్ చేశారు. చెడిన ఎముక తీసి, తుంటి ఎముక ముక్క అక్కడ పెట్టి, కదలకుండా ఉక్కు పట్టీ వేసి మరలు బిగించారు. ఎముక అతుక్కునేదాకా ఏదీ నమలవద్దన్నారు. అది అతుక్కుంటేనే మాట. మాట ఉంటేనే ఆమెకు ఎక్స్ఛేంజీలో ఉద్యోగం.

కొన్ని నెలలకు గడ్డం కింద చిల్లి పడి చీము కారసాగింది. లోపల చిగురు చీలి పట్టీ అంచు బయటపడింది. నాలుకతో తాకితే ఒక మర కదులుతోందని ఆమే చెప్పింది. తోడుగా నేను వేలూరు బస్సెక్కాను.

"ఏమైనా నమిలారా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్. దేవునితోడు, ఒక్క మెతుకు నమల్లేదు. సంగటి ముద్ద మింగినాను, అంతే."

పట్టీ ఆమె ఒంటికి పడలేదేమో, తీసేసి ఇంకా పెద్దది వేద్దామన్నాడాయన. అన్నాళ్లూ ఆమె బుగ్గన వక్కాకు ఉబ్బు చూసి వద్దక్కా, వద్దక్కా అని నేనెన్నిసార్లు మొత్తుకున్నానో! ఇక ఆగలేకపోయాను.

"వక్కాకు వేసుకుంటాది సార్. పొద్దస్తమానం ఆ పక్కనే."

ఆమె గుడ్లురిమింది. "నమిలినానామ్మే? ఊరికే దవడన పెట్టుకుంటి. ఆ పక్క పళ్లు లేక ఖాళీగా ఉండాది గదా! పెట్టుకోవద్దని ఈయన యాడ చెప్పినాడు?"

డాక్టరు చేతిలోని అద్దం కింద పెట్టేశాడు. ఆ సున్నానికి, వక్కకు ఇంకో పట్టీ వేసినా బయటపడక మానదన్నాడు. మరునాడు పట్టీ, మరలు తీసేసి, కదలిక లేకుండా పై పళ్లకు కింది పళ్లను తీగతో కట్టేశాడు. ఎముక దానంతటది నిలుస్తుందో లేదో ఆయనకే తెలియదు.

గంజి, పాలు పళ్ల సందుల్లోంచి పీల్చేది. ఆ సందుల్లోంచే నన్ను చాడీకోరు అని తిట్టేది.

తీగ విప్పిన రోజు ఎముక నిలిచిందన్నారు. వరండాలోకి వచ్చి, మాట కాస్త పక్కకు జారుతున్నా, ఆమె ఒక్కొక్క ముక్కా విడదీసి అంది: "నువ్వు నోరు మూసుకోనుంటే ఆ డాక్టరు ఇంకో ఇనుము పెట్టేసుంటాడు. మేలే చేసినావు. అయినా నీమీద కోపం పోదుమ్మే."

పోలేదు కూడా. రిటైరయ్యేదాకా పండగ డ్యూటీలన్నీ నాకే వేసింది.

అప్పట్నుంచీ ఏ డాక్టరైనా అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి నేను ఊరుకోను. అడగనిదీ చెబుతాను. నా కోడలు సిగ్గుతో చెయ్యి గిల్లుతుంది: "సాలత్తా, ఆయన అడగలేదు గదా!"

అడగలేదనే చెబుతున్నాను.