కాదనడం నేర్పిన మాస్టారు

వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్ళు తగ్గి, అడుగునున్న బురద ఎండకి కాగుతూ ఒక వాసన వేస్తుంది. కోనసీమలో పుట్టినవాడికి అది కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఆ వాసన తగిలితే చేపలు పట్టడానికి పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు రావులపాలెం నుంచి వ్యాను తోలుకొస్తూ ఆ వాసన తగలగానే అద్దం పైకెత్తేస్తాను. ఇంత ఉక్కలో అద్దం ఎందుకు మూస్తావని పక్కన కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళు వీర్రాజు మాస్టారిని చూడలేదు. అలాంటి కాలువలోకే ఆయన బండి దూసుకుపోయిందని వాళ్ళకి చెప్పాలనిపించదు.

నేనప్పుడు రాజోలు దగ్గర రొయ్యలు కొనే ఒక కంపెనీలో డ్రైవరుని. చెరువు గట్టు మీద సరుకు తూచి, ట్రేలలో ఐసు వేసి నింపి, ఆ ఐసు కరిగేలోగా ఫ్యాక్టరీకి చేర్చాలి. అందుకని మా బతుకంతా తొందరే. సొట్ట లేని బండి ఒక్కటీ ఉండేది కాదు. గట్టు రోడ్ల మీద మా వ్యాను దూరాన కనబడితే చాలు, సైకిళ్ళవాళ్ళు దిగి పక్కకి నిలబడిపోయేవారు. చివరికి బీమావాళ్ళు గొడవ పెట్టడంతో మేనేజరుగారు డ్రైవర్లకి శిక్షణ ఇవ్వడానికి వీర్రాజుగారిని పిలిపించారు. ఆయన బస్సు డిపోలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నల్లరంగు వేసిన జుట్టు, ఇస్త్రీ మడత నలగని తెల్లప్యాంటు, మాట కంటే ముందొచ్చే కోపం. ప్యాంటు మీద బురద చుక్క పడితే ఆ రోజుకి మా పని అయిపోయినట్టే. ఏళ్ళ తరబడి స్టీరింగు పట్టిన మాకు ఈయన కొత్తగా నేర్పేదేమిటని వెనకాల తెగ వేళాకోళం చేసేవాళ్ళం.

మొదటి రోజు ఆయన పాఠమేమీ చెప్పలేదు. మమ్మల్నందర్నీ ఖాళీ ట్రేల మధ్య వ్యాను వెనకాల కూర్చోబెట్టి, అచ్చం మేం తోలినట్టే గట్టు మీద తోలారు. మలుపులో హారను కొట్టి దూరిపోవడం, బస్సు వెనకాలే అంటుకుని వెళ్ళడం, ఉన్నట్టుండి బ్రేకు మీద నిలబడడం, అన్నీ మావే. తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఒకడు వాంతి చేసుకుంటున్నాడు, నేను దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. "ఎలాగుందిరా సత్తిబాబూ?" అన్నారు నన్ను చూసి. "చచ్చిపోతామనుకున్నామండి" అన్నాను. "మరి రోజూ మీ ఎదరొచ్చేవాళ్ళకి అలాగే ఉంటాదిరా" అన్నారు, నవ్వకుండా.

ఆ తరవాత మా వేళాకోళం తగ్గింది. ముందు బండికి ఎంత ఎడం ఉండాలో, అద్దాల్లోకి ఎప్పుడు చూడాలో, ఒంట్లో నిద్ర ఎలా మొదలవుతుందో ఒక్కొక్కటే పట్టుకుని నేర్పారు. కొన్నాళ్ళకి రిపేరుకని షెడ్డుకొచ్చే బళ్ళు తగ్గాయి. టైర్లు ఎక్కువ కాలం వచ్చాయి, డీజిలు మిగిలింది. మా ఆవిడ నేను వచ్చేదాకా వీధి అరుగు మీద కూర్చోవడం మానేసింది. మేనేజరుగారి దగ్గర మాత్రం మాస్టారు డీజిలు సంగతే ఎత్తేవారు. అదేమిటండీ అంటే, "మీ పెళ్ళాలు నిద్దరోతన్నారంటే ఆయన వింటారేట్రా? డీజిలంటే వింటారు" అనేవారు.

అన్నిటికంటే కష్టమైన పాఠం వేరే ఉంది. మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "నేను మేనేజర్ని. నువ్వు నిన్నట్నుంచీ బండి దిగలేదు. ఇప్పుడు ఇంకో లోడు తీసుకెళ్ళమంటన్నాను. ఏమంటావు?" అని అడిగేవారు. "ఆయ్, అలాగేనండి" అనేశాను నేను, అలవాటు కొద్దీ. "పోయేవు. తరవాతోడు రారా" అన్నారు. తరవాతివాడూ అదే అన్నాడు. మా వైపు ఎవరినీ మొహం మీద కాదనరు. చూద్దామండి అంటారు, అలాగేనండి అంటారు, తరవాత ఫోను ఆపేసుకుంటారు. పెద్దవాళ్ళు అడిగినప్పుడైతే అదీ చెయ్యరు. కాదంటే ఎదుటి మనిషిని చిన్నబుచ్చినట్టని మా అందరికీ పాలతోనే పట్టేశారు. మాస్టారు బల్ల మీద కొట్టి మరీ చెప్పించేవారు. "నిద్ర లేదండి, బండి తియ్యలేనండి. అంతే. దండాలు పెట్టక్కర్లేదు, కథలు చెప్పక్కర్లేదు." ఆ రెండు ముక్కలూ నవ్వకుండా, నేల చూపులు చూడకుండా అనడం అందరికంటే ఆఖర్న నేర్చుకున్నది నేనే.

ప్రమాదాలు ఆగిపోయాయి. అదే ఆయనకి చేటైంది. జరగని ప్రమాదం ఎవరి కంటికి కనబడుతుంది? ఒకరోజు మేనేజరుగారు మా ముందే, "ఇప్పుడు అందరూ బానే తోలుతున్నారు కదండీ మాస్టారూ, ఇంకా క్లాసులెందుకండీ? మీరూ ఓ బండి చూసుకోండి" అన్నారు. ఆ వయసులో మళ్ళీ లోడు బండి ఎక్కమనడం అది. వీర్రాజుగారు చేతిలో సుద్దముక్క కిటికీలో పెట్టి, "ఆయ్, అలాగేనండి" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. పెద్దమనిషి, గౌరవంగా ఒప్పుకున్నారనుకున్నాను. అంతకంటే నాకేమీ తట్టలేదు.

ఆ ఏడు రొయ్యకి జబ్బు తగిలింది. చచ్చేలోగా అమ్ముకోవాలని రైతులందరూ ఒకేసారి చెరువుల్లో రొయ్యలు పట్టేశారు. మూడు పూటలా లోడ్లే. మాస్టారూ నేనూ ఒకరోజు పొద్దున బండి ఎక్కినవాళ్ళం, మర్నాడు మధ్యాహ్నం అన్నాలవేళకి దిగాం. చేయి కడుక్కుంటుంటే మేనేజరుగారు వచ్చి, "సత్తిబాబూ, ఒక్క లోడయ్యా, రైతు ఏడుస్తన్నాడు" అన్నారు. అలాగేనండి అని నోటిదాకా వచ్చింది. అయినా తలెత్తి, "నిద్ర లేదండి. బండి తియ్యలేనండి" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. మాస్టారు మాత్రం పరీక్ష పాసైన కొడుకుని చూసినట్టు నన్ను చూశారు. ఆ చూపు ఇప్పటికీ తలుచుకోలేను. ఎందుకంటే మేనేజరుగారు వెంటనే ఆయన వైపు తిరిగి, "మాస్టారూ, మీరైనా..." అన్నారు. "ఆయ్, వెళ్తానండి" అన్నారు మాస్టారు.

బండి దాకా వెంటపడ్డాను. "మీరూ పడుకోలేదు కదండీ!" అన్నాను. "నువ్వు చెప్పేవు కదరా, చాల్లే. ఇద్దరం కాదంటే బాగోదు" అని తలుపు వేసుకున్నారు. తాళాలు లాక్కోవాల్సిందని మా ఆవిడ అంటుంది. మాస్టారి చేతిలోంచి తాళాలు లాక్కునే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. నేను వెళ్ళి షెడ్డులో పట్టా మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేపినవాళ్ళు కాలువ దగ్గరికి తీసుకెళ్ళారు. రోడ్డు తిన్నగా ఉంది, ఎదురు బండి లేదు, బ్రేకు వేసిన గుర్తూ లేదు. ట్రేలన్నీ గట్టు మీద బోర్లాపడి ఉన్నాయి. ఐసు ఇంకా కరగలేదు.

మాస్టారి దినం నాడు వాళ్ళావిడకి నా మొహం చూపించలేక వెనక నిలబడితే ఆవిడే పిలిచారు. "నువ్వు కాదన్నావంట కదా బాబూ, మంచి పని చేసేవు" అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఇంట్లో నా మాటకి రోజూ కాదనేవోరు. ఒక్కనాడు గుడికెళ్దామన్నా కాదే. బయటోళ్ళ దగ్గరే నోరు రాలేదు మీ మాస్టారికి" అన్నారు. నాకు ఏడుపాగలేదు. ఆవిడే నా భుజం తట్టి మంచినీళ్ళిచ్చారు. కంపెనీ మళ్ళీ క్లాసులు పెట్టలేదు. కునుకు పడితే గోల చేసే యంత్రాలు బళ్ళకి బిగించి, డ్రైవర్లకి ఇక భయం లేదని చెప్పుకున్నారు.

నేను ఆ కంపెనీ వదిలేశాను. ఇప్పుడున్న చోట కొత్త డ్రైవర్లకి మాస్టారి పాఠాలు చెప్పమని అడిగారు. ఎడం పాటించడం, అద్దాలు చూడడం చెప్పాను. కాదనడం చెప్పమంటే చెప్పనన్నాను. ఎందుకన్నారు ఇక్కడి మేనేజరు. "ఒకడు కాదంటే ఆ లోడు ఆగుతాదాండీ?" అని అడిగాను. ఆయన మంచివాడే, మొహమాటంగా నవ్వి, "లోడెలా ఆగుద్దయ్యా" అన్నారు. అయితే ముందు ఆ పాఠం మీకు చెప్పాలండి అన్నాను. ఆయన తలూపి, వేరే పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు.

నేనైతే నిద్ర లేనప్పుడు ఇప్పటికీ బండి తియ్యను. మొహం మీదే చెప్పేస్తాను. నా వెనకాలున్నవాడు ఆయ్ అని తాళాలు అందుకుంటాడు. ఇంటికొచ్చి మంచం మీద వాలతాను, ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంటుంది, అయినా ఫోను గుండెల మీదే పెట్టుకుంటాను. నిద్ర లేదని వదిలేసి వచ్చిన ఆ బండి, ఎవడు తోలుతున్నా సరే, చేరిందని కబురొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు.