నర్సమ్మ చేతులకు ఎత్తిపెట్టిన నీళ్లు

ఇల్లిల్లూ తిరిగి కాన్పులు చేసే నర్సుగా నాకు మొదటి ఉద్యోగం రాయచోటి వైపు ఒక నేతగాళ్ల పల్లెలో పడింది. యాభైల్లో మాట. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. కర్నూల్లో, తుంగభద్ర ఒడ్డున పెరిగినదాన్ని. నీళ్లంటే ఏటికి పోయి ముంచుకోవడమే తెలుసు. దానికి తోడు ముక్కుమీద కోపం. ట్రైనింగులో నేర్పిన శుభ్రత తలకెక్కి కూర్చుంది.

ఆ ఊళ్లో ఒక నేతగాళ్ల ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు కోడలికి ఎనిమిదో నెల, తొలిచూలు. ఇల్లంతా ఒకటే గది. సగం మగ్గం గుంతకే సరిపోయింది. మిగతా సగంలో పొయ్యి, కట్టేసిన మేక, నూలుకు పట్టించే గంజి కుండ. గంజి పులిసిపోయి ఈగలు నల్లగా ముసిరాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అంతటితో ఆగానా? వాకిట్లోకి వచ్చి, వీధిలో పడుగు సాగదీస్తున్న వాళ్లందరూ వినేలా అత్తను దులిపేశాను.

"మనుషులుండే ఇల్లేనా ఇది? కడిగి, అలికి పెట్టుకున్నాకే నన్ను పిలవండి. ఇట్లాగే ఉంటే గడప తొక్కను, కాన్పు మీరే చేసుకోండి."

ఆవిడ మా అమ్మ ఈడుది. తల వంచుకుని, "అట్నేలేమ్మా, కడిగిపెడతాం" అంది.

నాకెంత గర్వమో! ఆ రోజు అన్నం తింటూ కూడా నా మాటలే నెమరేసుకున్నాను. ఊరికంతటికీ ఒకటే దిగుడుబావి, అదీ మైలు దూరంలో. ఎండాకాలం అడుగుకు దిగి చెంబుతో తోడుకోవాలి. ఆ సంగతి నాకు తెలియదనను. తెలుసు. నా వాటా నీళ్లు మాత్రం ఆయా మోసుకొచ్చేది, అందుకని ఆ బరువు ఎప్పుడూ నా తలకెక్కలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆ ఇంటి కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నర్సమ్మా, బిరబిరా రాండి. ఆయమ్మికి నొప్పులు వస్తాండాయి."

"ఎప్పట్నుంచప్పా?"

"తెల్లారినప్పట్నుంచి."

"ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

అతను నేల చూపులు చూశాడు. "ఇల్లు అలుకుతాన్నామమ్మా. కడిగినాకే పిలవమంటిరి కదా."

సంచీ తీసుకుని అతని వెంట పరిగెత్తాను.

మేం వెళ్లేసరికి బిడ్డ పుట్టేసింది. ఆడబిడ్డ. మెడకు బొడ్డుతాడు బిగుసుకుని, ఒళ్లంతా నీలంగా ఉంది. అత్త ఏం చేయాలో తెలియక చేతుల్లో పట్టుకుని కూర్చుంది. తాడు విప్పాను, వీపు రుద్దాను, నోట్లో నోరు పెట్టి ఊదాను. ఏడవలేదు. అలాంటి తాడు విప్పి బతికించిన బిడ్డలు అంతకుముందూ ఉన్నారు, ఆ తర్వాతా ఉన్నారు. సమయానికి ఉంటే బతికేదేమో అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఏమో ఏమిటి, బతికేదే.

అప్పుడు చూశాను గదిని. మేక లేదు, గంజి కుండ లేదు. మగ్గం గుంత కూడా ఊడ్చారు. పేడతో అలికిన నేల ఇంకా తడిగా ఉంది. గడపకు పసుపు పూశారు.

"ఇన్ని నీళ్లు ఎవరు తెచ్చారమ్మా?"

"మేమిద్దరమే. తొమ్మిది కడవలు. నాలుగు కోడలే తెచ్చినాది." అంది అత్త. "నడుం నొప్పి అన్నాది. ఇంగొక్క కడవ తెస్తే అయిపోతాది అంటి నేనే. తప్పు మాదేనమ్మా, అలికేది శానా ఆలస్యమైపాయ."

నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తప్పు నాదని నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. వాకిట్లో కడవ నీళ్లు పెట్టి ఉంటే, వంగి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. సగం కడవ ఖాళీ చేశాను.

లోపలికి వచ్చేసరికి కోడలు పిల్ల కళ్లు తెరిచింది. పెదవులు ఎండి పగిలిపోయాయి. "అత్తా, నీళ్లు" అంది.

మూలన ఇంకొక కడవ ఉంది, మీద మూత పెట్టి. అత్త చెంబు తీసుకుని దాని దగ్గరికి పోయి ఆగింది.

"ఇవి మీ చేతులకని ఎత్తిపెట్టినామమ్మా. దీనికి రోంత పోసేదా?" అని నా మొహం చూసింది.